ఎవరూ ముట్టని నీళ్లు

అయినా తెలుపు అనేది ఏ కంటికి ఆ కన్ను నిర్ణయించుకునేదే కదా, నేను చూసే తెలుపూ ఆమె చూసే తెలుపూ ఒకటేనని ఎవరు తేల్చారు, అనుకుంటూ మెట్ల మీదే ఆగిపోయాను. కింద నల్లా దగ్గర మా అత్తమ్మ వజ్రమ్మ పీట మీద కూర్చుని ధోతి జాడిస్తోంది. బకెట్లో నీళ్లు ఇటుకలు కడిగిన నీళ్లలా ఉన్నాయి. పొద్దు బాగా ఎక్కింది. వాకిట్లో సగం దాకా ఎండ పడింది. చీకట్లో పొరపాటు జరిగిందనుకోవడానికి లేదు.

ఆమె ధోతిని పిండింది. దులిపింది. రెండు చేతులతో పైకెత్తి ఎండకు ఎదురుగా పట్టుకుని, తల కాస్త పక్కకు వంచి చూసుకుంది. నా అడుగుల చప్పుడు విన్నట్టుంది, ముఖం తిప్పకుండానే అడిగింది.

"ఎట్లున్నది? మల్లెపువ్వు లెక్క లేదా?"

ధోతి నిండా తుప్పు. మధ్యలో పెద్ద మరక, దాని చుట్టూ చిన్నవి, మడతలు పడిన చోటల్లా గీతలు. వాటి మధ్య నుంచి ఆమె ముఖం సంతోషంగా కనిపిస్తోంది.

"ఇవ్వండి, నేను ఆరేసి వస్తాను" అన్నాను.

అది అవునూ కాదు, కాదూ కాదు. అలాంటి జవాబులు నాకు బాగా వచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బీఎడ్ కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేదాన్ని. మనిషి తన కంటికి అందనిదాన్ని అలవాటుతో పూరించుకుంటాడని, కన్ను తప్పిపోయిన చోట మనసు తన సొంత పని చేసుకుపోతుందని ఎన్నోసార్లు బోర్డు మీద రాశాను. నల్లా దగ్గర దాన్ని చూడటం వేరుగా ఉంది.

అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న కాలం. ఆఫీసులు మూశారు. బస్సులు ఆగిపోయాయి. బొగ్గు బయటికి రాక కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు. మా కాలేజీకి కూడా తాళం పడింది. మా ఆయన హరిప్రసాద్ సర్కారు ఉద్యోగి, పొద్దున్నే ఎల్‌బీనగర్ చౌరస్తాలో వేసిన దీక్షా శిబిరానికి వెళ్లి సాయంత్రం గొంతు పోగొట్టుకుని వచ్చేవాడు. ఇంట్లో మిగిలింది నేనూ అత్తమ్మా. పెళ్లయి ఏళ్లు గడిచినా పగలంతా మేమిద్దరమే ఒక ఇంట్లో ఉండటం అప్పుడే మొదలు. రోజూ ఒకే స్టాపులో నిలబడి ఎవరి బస్సు వాళ్లెక్కి వెళ్లిపోయే ఇద్దరు మనుషులకు ఎంత పరిచయం ఉంటుందో మాకూ అంతే ఉండేది. ఆమెది పోచంపల్లి. మా అమ్మానాన్నలు తెనాలి నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డారు. ఆ కాలంలో ఈ రెండు ఊళ్ల పేర్లూ ఒక ఇంట్లో కలిపి పలకాలంటే కొంచెం ఆలోచించాల్సి వచ్చేది.

ధోతి మా మామగారిది. బాలనర్సయ్య గారు జీవితమంతా ఊరికి రంగురంగుల చీరలు నేశారు, తనకోసం మాత్రం ఒకే ఒక్క తెల్ల ధోతి నేసుకున్నారు. దానికి సన్నటి నల్ల అంచు. ఏటా పెత్రమాసకు, చనిపోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్యకు, ముందు అత్తమ్మ దాన్ని ట్రంకులోంచి తీసి ఉతికేది. అమావాస్య నాడు మడిచి ఆయన ఫొటో ముందు పెట్టి, వండినవి దాని పక్కన వడ్డించేది. ఉతకడానికి ఒక పద్ధతి ఉంది. ఎవరి చేయీ పడని నీళ్లు కావాలి. ఊళ్లో ఉన్నప్పుడు అందరికంటే ముందు బావికి పోయి మొదటి బొక్కెన తోడుకునేదట. ఇక్కడికి వచ్చాక బావి స్థానంలోకి నల్లా వచ్చింది. నల్లా వచ్చే రోజు కింది ఇంటి అండాలమ్మ గారు లేవకముందే వచ్చి కూర్చునేది. మొదట వచ్చే ధార అత్తమ్మది.

మిగతా ఏళ్లలో నల్లా రోజు విడిచి రోజు వచ్చేది కాబట్టి మొదటి నీళ్లకూ చివరి నీళ్లకూ తేడా ఉండేది కాదు. ఈసారి చాలా రోజులు రాలేదు. మా ఇంటి పాత ఇనుప పైపు లోపలంతా ఎండి పొరలు కట్టింది. నీళ్లు వచ్చిన పొద్దున వీధిలో దాదాపు అందరూ మొదటి నీళ్లను కాలువలోకి వదిలేశారు. ఎవరూ ముట్టని నీళ్లంటే ఆ రోజు అర్థం అదే. అత్తమ్మ వాటిని పట్టుకుంది.

ధోతిని మేడ మీద తీగ మీద వేశాను. మరకలు ఎక్కువున్న సగం గోడ వైపు ఉండేలా తిప్పి వేశాను. ఎవరి నుంచి దాస్తున్నానో నాకే తెలియదు. అత్తమ్మ నా వెనకే మెల్లగా మెట్లెక్కి వచ్చి నీడలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. అప్పుడు గమనించాను, ఆమె రాళ్లను చూడటం లేదు. వేళ్లతో వెతుకుతోంది. ఎన్నాళ్ల నుంచో తెలియదు.

అండాలమ్మ గారు తడిబట్టల బకెట్‌తో పైకి వచ్చింది.

"వజ్రమ్మక్కా, సూసినవా మా కర్మ. మిషిన్‌కు నల్లా పైపు పెట్టి ఇడిచిపెట్టిన. మా ఆయన బనీన్లన్ని ఎర్రగైనయి. తొడుక్కుంటే చెరువుల కెళ్లి లేసొచ్చిన బర్రె లెక్కున్నడు." నవ్వుతూ తీగ దగ్గరికొచ్చి మా ధోతి అంచు పట్టుకుని తిప్పింది. నవ్వు ఆగిపోయింది. "ఓయమ్మ. మీ పెద్దమనిషి ధోతి గూడ గిట్లైంది?"

అత్తమ్మ వేళ్లు చాటలో ఆగాయి. ఒక్క క్షణమే.

"చూసిన" అంది. "పొద్దుగాలనే చూసిన. ఎండకు పోతదిలే."

మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆమె పక్కన పారేసినవన్నీ మంచి బియ్యపుగింజలే.

ఆ సాయంత్రం హరి వచ్చి చెప్పులు విప్పుతుంటే తీగ మీది ధోతి సంగతి అండాలమ్మ గారే కింద చెప్పేసింది. పైకొచ్చి నా వైపు చూశాడు.

"నాయిన ధోతికేమైంది? నువ్వేమన్న బ్లీచింగ్ గిట్ల పోసినవా?"

అడగకూడని ప్రశ్నేం కాదు. ఇంట్లో బ్లీచింగ్ వాడేది నేనే. కానీ ఆ రోజుల్లో మామూలు ప్రశ్నలకు కూడా కింద ఇంకో ప్రశ్న ఉన్నట్టు వినిపించేది. శిబిరంలో పగలంతా విన్న మాటలు కొన్ని అతని చొక్కాకు అంటుకుని వచ్చాయేమో, లేక మా అమ్మ ఫోన్లో చెప్పినవి కొన్ని నా చెవుల్లో మిగిలి ఉన్నాయేమో. జవాబు చెబితే అత్తమ్మ కళ్ల సంగతి చెప్పాలి.

లోపలి గదిలోంచి అత్తమ్మ గొంతు వచ్చింది. "ఆమెనెందుకంటవ్‌రా. నేనే ఉతికిన."

"మరి నీళ్లు సూడలేదా అమ్మా?"

"చూసిన. గిట్లైతదనుకోలే."

హరి నన్ను మెట్ల దగ్గరికి పిలిచాడు. గొంతు తగ్గించి, "ఆమెకు కనిపిస్తలేదు ప్రభా" అన్నాడు. "మొన్న చాయ్‌ల ఉప్పేసిచ్చింది. తాగిన. దవాఖానకు పోదామంటే కొట్లాటకొస్తది. సమ్మె అయిపోయినంక సూద్దామనుకున్న."

ఆ నెలలో అన్నీ సమ్మె అయిపోయినంకే. జీతాలు, పెళ్లిళ్లు, ఆపరేషన్లు, అలకలు.

"అసొంటిదే ఇంకో ధోతి కొనుక్కొస్త" అన్నాడు. "ఆమెకేం తెలుస్తది."

"తడిమితే తెలుస్తుంది" అన్నాను.

అతను తల దించుకున్నాడు. ఇందాక అడిగిన ప్రశ్నకు క్షమాపణ అడగలేదు, నేనూ ఎదురుచూడలేదు. నా చేతిలోంచి ఖాళీ బకెట్ మాత్రం తీసుకుని కిందికి దిగాడు.

మరునాడు అమ్మ ఫోన్ చేసింది. మా అమ్మ పేరు హనుమాయమ్మ. ఆ నెలంతా ఆమె ఒకే ప్రశ్న అడిగేది, వేరువేరు మాటల్లో.

"ఏమే ప్రభా, మీ అత్తగారు ఏమన్నా అంటోందా?"

"ఏమీ అనడం లేదమ్మా."

"అనకపోతేనే భయం. గొడవలు సద్దుమణిగేదాకా ఇక్కడికొచ్చి ఉండరాదుటే?"

"తుప్పు మరకలు ఎలా పోతాయమ్మా?"

నేను మాట మార్చానని అమ్మకు తెలుసు, కానీ బట్టల సంగతి ఎత్తితే ఆమె ఆగలేదు. "బ్లీచింగ్ వెయ్యి. ఎలాంటిదైనా పోవలసిందే."

ధోతి మీద వేసే ధైర్యం లేక, అదే నీళ్లలో తడిసిన ఒక దిండు గలేబు మీద వేసి చూశాను. అప్పటిదాకా పసుపుగా ఉన్న మరక నా కళ్ల ముందే కాషాయానికి తిరిగి గట్టిపడింది. ఘాటు వాసన గదిలోకి వెళ్లినట్టుంది. అత్తమ్మ గోడ పట్టుకుని బయటికొచ్చింది.

"గా వాసనేంది? ధోతికి పోసినవా?"

"లేదత్తమ్మా. దిండు గలేబు. ఇంకా ముదిరింది."

ఆమె గలేబు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. తరువాత కళ్లకు బాగా దగ్గరగా తెచ్చుకుని, చూస్తున్నట్టు చాలాసేపు ఉంది. నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. ఒకరు చూస్తున్నట్టు నటిస్తే రెండోవారు చూడనట్టు నటించాలి, లేకపోతే ఆట సాగదు.

"ఇనుము దారాన్ని పట్టుకుంటే ఇడువది" అంది చివరికి, గడప మీద కూర్చుంటూ. "మీ మామ నలుపు ఎట్ల చేసెటోడో ఎరుకేనా? పాత గుర్రపునాడెలు, మేకులు, ఏవి దొరికితే అవి కుండల ఏసి బెల్లం నీళ్లు పోసి మురగపెట్టెటోడు. నురుగొచ్చేది. ఇల్లంత కంపు. నేను తిట్టేదాన్ని. గా నీళ్లే నలుపు. గా ధోతి అంచు గదే. బజార్ల రంగు కాదు."

"అంటే అంచు కూడా ఇనుమేనా?"

"ఇనుమే. ఆయన కుండలున్నదీ ఇనుమే, నల్లాల కెళ్లొచ్చిందీ ఇనుమే." చిన్నగా నవ్వింది. "అద్దకం నాడు నల్ల చుక్క తెల్లదాని మీద పడ్తే నిమ్మకాయ, ఉప్పు రుద్ది ఎండల పెట్టేదాన్ని. పులుపుకే లొంగుతది అది. గని అంచుకు తగలొద్దు. తగిల్తే ఆయన నలుపు గూడ పోతది."

నేను ఆమె చేతులు చూస్తున్నాను. పెళ్లినాటి నుంచి దారాలకు చిట్కి, రంగు అంటకుండా బిగించే ముడి, కట్టిన చేతులు. కుడి చూపుడువేలి గోరు పక్కన దారం కోసీ కోసీ ఒక గాడి పడింది. ఏ ముడి కింద ఏ రంగు దాగుతుందో, విప్పితే ఏ పువ్వు వస్తుందో ఈమెకు ముందే తెలిసేది. అలాంటి మనిషికి తెలుపు మెల్లగా పసుపైపోయి ఉంటుంది, ఏ రోజూ నిన్నటికంటే వేరుగా కనిపించకుండా. తరువాతెప్పుడో, సమ్మె ముగిసి, మలక్‌పేటలో కంటి ఆపరేషన్ అయి కట్టు విప్పిన పొద్దున ఆమె మొదట అన్న మాట, "గోడలు గింత తెల్లగున్నయా" అని. కానీ ఆ గడప మీద కూర్చున్న రోజు ఆ పొద్దున చాలా దూరం. అక్కడికి దారి ఉందని కూడా మాకు తెలియదు.

ఆ రోజు బంద్. నిమ్మకాయలు కొందామంటే షట్టర్లన్నీ దించి ఉన్నాయి. కొత్తపేట దాకా నడిచాను. గడ్డిఅన్నారం మార్కెట్ గేటు మూసి ఉంది, లోపల మగ్గిపోతున్న బత్తాయిల వాసన రోడ్డు దాకా వస్తోంది. వెనక్కి తిరగబోతుంటే గుర్తొచ్చింది. నిమ్మకాయలు ఆ రోజు కచ్చితంగా ఉండే చోటు ఒకటుంది. ఎల్‌బీనగర్ చౌరస్తా.

శిబిరం దగ్గరికి వెళ్లడం అదే మొదటిసారి. గులాబీ కండువాలు, తివాచీ, మైకు, దండలు వేసుకుని వరసగా కూర్చున్న దీక్షాపరులు. ఆ రోజు వరసలో హరి కూడా ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, లేవకూడదని గుర్తొచ్చి కూర్చుండిపోయాడు. పక్కన బల్ల మీద ఒక పెద్దాయన సాయంత్రం దీక్ష విరమించేవాళ్ల కోసం నిమ్మకాయలు పిండుతున్నాడు. సైదులు అని ఎవరో పిలుస్తున్నారు. పిండిన తొక్కలు గిన్నెలో గుట్టగా పడి ఉన్నాయి.

"ఆ తొక్కలు నాకిస్తారా అండీ?" అన్నాను.

ఆ 'అండీ' మైకులో చెప్పినంత గట్టిగా వినిపించింది నాకు. పక్కన కూర్చున్నవాళ్లు ఇటు తిరిగారు.

"తొక్కలెందుకమ్మా? ముఖానికి పెట్టుకుంటవా?" అన్నాడు సైదులు.

"మా మామగారి పంచె మీద తుప్పు మరకలు పడ్డాయి. పెత్రమాసకు కావాలి."

"మీదే ఊరమ్మా?"

ఆ ప్రశ్న వస్తుందని దారంతా అనుకుంటూనే ఉన్నాను. రకరకాల జవాబులు కూర్చుకున్నాను. నోట్లోంచి మాత్రం ఉన్నదే వచ్చింది. "పుట్టింది తెనాలి. ఇచ్చింది పోచంపల్లికి."

సైదులు చేతిలో సగం పిండిన చెక్క అలాగే ఆగింది. ఎంతసేపో నాకు తెలియదు. అలాంటప్పుడు కాలాన్ని కొలిచేది భయం, గడియారం కాదు. అప్పుడు వరసలోంచి హరి గొంతు, ఉన్న కాస్త బొంగురుతో, "మా ఇంటామెనే సైదులన్నా" అంది. "మా నాయిన ధోతికే."

సైదులు తొక్కలు పక్కకు నెట్టి, సంచిలోంచి పచ్చగా మెరుస్తున్న కాయలు దోసిలి నిండా తీసి నా కొంగులో పోశాడు.

"తెనాలోళ్లకు నిమ్మకాయల సంగతి మేం జెప్పాల్నా. గని ఇయి మా నకిరేకల్ కాయలు. మీయాటికన్న జర పులుపెక్కువుంటది. సూసుకోని పిండు, చెయ్యి మండుతది."

వరసలో ఎవరో నవ్వారు. "దీక్ష నిమ్మకాయలు అన్నా, లెక్క జెప్పాలె" అన్నారు ఇంకెవరో. "తుప్పు గూడ మన మీద కుట్రే, ఇడిచిపెట్టొద్దు" అన్నాడు సైదులు. నేనూ నవ్వాను. తిరిగి వస్తుంటే కొంగును రెండు చేతులా గట్టిగా పట్టుకునే నడిచాను. దేనికో ఆలోచించాను, తేలలేదు. భయం అయిపోయాక కూడా ఒళ్లు కాసేపు దాన్ని మోస్తుంది.

అత్తమ్మ కాయలు వాసన చూసి, "ఏడియివి?" అంది. చెప్పాను. ఆమె చాలాసేపు నవ్వింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. "ఉపాసమున్నోళ్ల నోటికాడియి గుంజుకొచ్చినవా?" అంది. ఆమె అలా నవ్వడం నేను మొదటిసారి చూశాను, లేక మొదటిసారి విన్నాను.

ఆ రోజు నుంచి ప్రతి పగలూ అదే పని. మరక మీద నిమ్మరసం పిండి, ఉప్పు చల్లి, ఎండలో పరిచి, ఆరిపోకుండా మళ్లీ పిండుతూ కూర్చోవాలి. జాడించడానికి నల్లా నీళ్లు పనికిరావు. తాగడానికి తెప్పించుకున్న డబ్బా నీళ్లు వంచితే అత్తమ్మ ఊరుకోలేదు. "తాగే నీళ్లతోని బట్టలుతికే మారాణివి నువ్వొక్కదానివే" అనేది. అంటూనే చెంబు అందించేది.

మరకలు ఒక్కొక్కటిగా వదులుతున్నాయి. మొదట గట్టు మాసి లోపలికి కుంచించుకుపోయి, లేత పసుపై, ఒక రోజు లేనట్టు అయిపోతాయి. సాయంత్రం ధోతి మడుస్తుంటే ఆమె అడిగేది.

"పోయినయా?"

"మధ్యలోది పోయింది. చిన్నవి ఉన్నాయి."

"ఆఁ, గదే కనిపిస్తున్నది" అనేది, ఏ వైపో చూస్తూ. "కొంచెమున్నయి."

నేను ఆ చూపును సరిచేయలేదు. మర్యాద అనుకున్నాను. మర్యాదకూ పిరికితనానికీ మధ్య గీత ఎక్కడుందో క్లాసులో చెప్పడం సులువు.

ఒక మధ్యాహ్నం ఆమె నా పక్కన కూర్చుని, అడగకుండానే చెప్పింది. మామగారు చివరికి నిమ్స్‌లో ఉన్నప్పటి మాట.

"రోజూ మంచిగైతున్నడనే చెప్పిన్రు నాకు. కొడుకు చెప్పిండు, మరిది చెప్పిండు, డాక్టరు గూడ చెప్పిండు. అందరికెరుకనే. నాకొక్కదానికే తెల్వది. ఆఖరి దినం నేను ఆయనకని రాగిజావ కాసుకపోయిన. పోయేటాల్లకు ముఖం మీద బట్ట కప్పిన్రు." నిమ్మచెక్కను చేతిలో అటూ ఇటూ తిప్పింది. "నా మంచికే చెప్పలేదట. ఆయనతోని ఏం మాట్లాడాల్నో గది మాట్లాడకుంట చేసిన్రు. మంచి చేసుడంటే గట్లనేనా ప్రభా?"

నేను ఉప్పు చల్లుతున్నాను. జవాబు చెప్పాల్సిన ప్రశ్న కాదనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమె నన్ను ఏదో అడిగింది.

పెత్రమాస ముందు రోజుకు ఒక్క మరక మిగిలింది. అంచు పక్కనే, నలుపును ఆనుకుని, చింతగింజంత. తేనె రంగుకు వచ్చి ఆగిపోయింది. నిమ్మచెక్కను దాని దగ్గరికి తెస్తే రసం అంచులోకి పాకుతుంది. ఒకసారి పాకింది. నలుపు ఆ చోట కొంచెం కాఫీ రంగుకు తిరుగుతుంటే గభాలున నీళ్లు పోసి కడిగేశాను. ఆయన మురగబెట్టిన మేకులు, గుర్రపునాడెలు, ఈమె తిట్లు, ఇంటినిండా కంపు, అన్నీ ఆ సన్నటి గీతలో ఉన్నాయి. నిమ్మచెక్క పక్కన పడేశాను.

తెల్లవారాక కింద అండాలమ్మ గారి వాకిట్లో తంగేడు పూలు, గునుగు పూలు గుట్టలుగా పోశారు. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. మా ఇంట్లో వంట అయింది. హరి ఆ రోజు శిబిరానికి వెళ్లలేదు. ఫొటో తుడిచి పీట మీద పెట్టాడు. నేను ధోతి మడిచి పళ్లెంలో పెట్టాను, మరక లోపలి మడతలోకి వెళ్లేలా. ఎవరికీ కనిపించదు.

అతను అది చూశాడు. "అన్నీ పోయినయా?" అన్నాడు మెల్లగా.

"ఒకటుంది. తీస్తే అంచు పోతుంది."

"లోపలికున్నది కద. పోయినయనే చెప్పు. ఇయ్యాల ఆమె మనసు మంచిగుండనియ్యి."

ప్రేమతోనే అన్నాడు. ఉప్పు చాయ్ తాగిన మనిషి. అది ప్రేమ కాదని నేను ఏ శాస్త్రం చదివి చెప్పగలను? పైగా అబద్ధం కూడా కాదు. మడత విప్పేది ఎవరు? విప్పినా చూసేది ఎవరు? మళ్లీ ట్రంకులోకి వెళ్లిపోతుంది. ఆమె ఏటా మొదటి నీళ్లలో ఉతుకుతుంది, ఏటా మల్లెపువ్వులా ఉందా అని అడుగుతుంది, మేం ఉందంటాం. ఇంట్లో అందరికీ తెలుసు, ఆమెకొక్కదానికే తెలియదు.

అత్తమ్మ తలంటుకుని, తడి జుట్టు ముడి వేసుకుని వచ్చి పీట ముందు కూర్చుంది. చేత్తో తడిమి పళ్లెం అంచు పట్టుకుంది, ధోతి మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది. నూలు మెత్తగా ఉందో లేదో, తడి ఉందో లేదో చూస్తున్నట్టు. తరువాత ముఖం నా వైపు తిప్పింది. నా వైపే, కానీ నా భుజానికి కొంచెం పక్కగా.

"అన్ని పోయినయా ప్రభా?"

హరి తల ఊపాడు, నాకు కనిపించేలా.

నేను పీట దగ్గర కూర్చున్నాను. ధోతి తీసి మడత విప్పాను, ఇంకో మడత విప్పాను. ఆమె కుడి చెయ్యి పట్టుకుని చూపుడువేలిని విడదీశాను. దారం కోసిన గాడి నా వేళ్లకు తగిలింది. "ఒకటి పోలేదత్తమ్మా. ఇక్కడుంది" అని, ఆ వేలిని అంచు పక్కన, మరక మీద పెట్టాను.